మందుల చీటీ దగ్గరే ఆగిపోతున్న వైద్యం



మన దేశంలో గర్భిణులకు ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇస్తుంది, లేదా ఏఎన్‌ఎం చేతిలో పెడుతుంది. అయినా 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, కడుపుతో ఉన్నప్పుడు కనీసం వంద రోజులు ఆ మాత్రలు వేసుకున్న తల్లులు దేశం మొత్తం మీద 44 శాతమే అని తేలింది. అదే సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 శాతం, తెలంగాణలో దాదాపు 58 శాతం. మాత్రలు సరిగా అందని చోట్లు ఉంటాయి, కాదనను. కానీ ఇంటికి చేరిన మాత్ర గూట్లోనే ఉండిపోవడం కూడా మనకు తెలియనిది కాదు. వేసుకున్న మర్నాడు మలం నల్లగా వస్తుంది, కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది. బిడ్డ నల్లగా పుడుతుందని ఒకరంటారు. బిడ్డ మరీ పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని ఇంకొకరంటారు. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోవడం వల్లే మలం నల్లబడుతుందని, దానివల్ల హాని లేదని, తిప్పుతున్నట్టుంటే రాత్రి భోంచేశాక వేసుకోవచ్చని, టీతో కలిపి వేసుకుంటే ఒంటబట్టదని, బిడ్డ రంగుకూ దీనికీ ఏ సంబంధమూ లేదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాటలు అందకే ఖర్చు పెట్టి తయారు చేసి పంచిన మందు వృథా అవుతోంది.

ఈ ప్రసంగంలో నేను వాదించదలచుకున్నది ఒక్కటే. రోగికి అర్థమయ్యేలా చెప్పడాన్ని డాక్టరు తీరిక దొరికినప్పుడు చూపే మర్యాదగా మనం ఇన్నాళ్లూ చూస్తూ వచ్చాం. దాన్ని చికిత్సలో భాగంగా, ఫలానా వారు చేయాల్సిన పనిగా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పని గోడమీది పోస్టర్ల వల్ల కాదు, మనుషులే చేయాలి. ఆ మనుషుల్లో అదే జబ్బుతో ఏళ్ల తరబడి బతికి, దాన్ని అదుపులో పెట్టుకున్న తోటి రోగులకు చోటివ్వాలి.

ఈ అవసరం ఇప్పుడు ఇంతగా పెరగడానికి కారణం జబ్బుల తీరు మారడం. వెనకటి రోజుల్లో జ్వరమో విరేచనాలో వస్తే డాక్టరు మూడు రోజులకు మందు ఇచ్చేవారు, జబ్బు తగ్గేది, రోగికి ఏమీ తెలియకపోయినా పెద్దగా నష్టం ఉండేది కాదు. ఇప్పుడు భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్ల పైమాటే, బీపీ ఉన్నవారు 31 కోట్ల పైమాటే. ఈ జబ్బులు నయమై పోయేవి కావు. డాక్టరు ఏడాదిలో మూడు నాలుగు సార్లు చూస్తారు. మిగిలిన రోజులన్నీ ఇంట్లో వైద్యం నడిపేది రోగే. ఏం తినాలో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు భయపడక్కర్లేదో పూటపూటా నిర్ణయించేది ఆయనే, ఆమే. అంత బాధ్యత నెత్తిన పెట్టి, దానికి కావలసిన తెలివిడి మాత్రం ఇవ్వకుండా పంపేస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన నివేదికలో, దీర్ఘకాలిక జబ్బులకు చెప్పిన ప్రకారం మందులు వాడేవారు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని, పేద దేశాల్లో ఇంకా తక్కువని రాసింది.

షుగర్ ఉన్న మనిషికి ఏం తెలియాలో ఒకసారి చూడండి. ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే రకం మాత్రలు వేసుకుని అన్నం మానేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. అప్పుడు వెంటనే పంచదారో గ్లూకోజో నోట్లో వేసుకోవాలి. శనివారం ఒంటిపూట ఉండే మనిషికి, రంజాన్ ఉపవాసం చేసే మనిషికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, ఉపవాస దినాల్లో మందు ఎలా సర్దుకోవాలో డాక్టరును అడగాలని కూడా తెలిసి ఉండాలి. పరీక్షకు రెండు రోజుల ముందు కడుపు మాడ్చుకుంటే పరగడుపు పరీక్ష బాగానే రావచ్చు గానీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష దగ్గర ఆ దాపరికం సాగదు. పాదాల్లో స్పర్శ తగ్గిపోతే ముల్లు గుచ్చుకున్నా తెలియదు కాబట్టి రోజూ అరికాళ్లు చూసుకోవాలి. బీపీ సంగతీ అంతే. బీపీ మామూలుకు వచ్చింది కదా అని మాత్ర ఆపేసేవారికి, అది మామూలుగా ఉన్నది ఆ మాత్ర వల్లేనని ఎవరూ చెప్పి ఉండరు. గోళీలు అలవాటైపోతాయనే భయం, ఇన్సులిన్ మొదలుపెట్టారంటే ఆఖరి దశకు వచ్చినట్టేననే భయం, ఆయాసానికి పీల్చే మందు ఒకసారి పట్టుకుంటే వదలదనే భయం ఊరూరా ఉన్నాయి. వీటిని మూఢనమ్మకాలని తీసిపారేయడం తేలిక. జవాబు దొరకని చోట మనిషి తనకు తోచిన జవాబు చెప్పుకుంటాడు. అందులో అతని తప్పేం లేదు.

చెబుతూనే ఉన్నాం, వాళ్లే వినరు అని వైద్యుల వైపు నుంచి ఒక మాట వస్తుంది. చెప్పడానికీ అర్థం కావడానికీ మధ్య ఎంత దూరం ఉందో కొలిచినవారు ఉన్నారు. ఈ విషయం మీద అంతకుముందు వచ్చిన పరిశోధనలను 2003లో సమీక్షించినప్పుడు, ఆసుపత్రిలో విన్న వాటిలో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అప్పటికప్పుడే మర్చిపోతారని, గుర్తున్న వాటిలోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటాయని తేలింది. ఇది చదువు లేనివారికే పరిమితమైన కష్టం కాదు. గుండెకు ఏదో అయిందన్న మాట చెవిన పడగానే, ఆ తర్వాత డాక్టరు చెప్పింది ఎంత చదువుకున్నవారి తలకైనా ఎక్కడం కష్టం. ఇంకో అధ్యయనం 2006లో అమెరికాలో వచ్చింది. అక్కడి మూడు రాష్ట్రాల ఆసుపత్రుల్లో 395 మంది రోగులకు మందు సీసాల మీది చీటీలు చూపించారు. పూటకు రెండు మాత్రల చొప్పున రోజుకు రెండు పూటలు అన్న చీటీని, చదువు తక్కువ ఉన్నవారిలో 71 శాతం మంది సరిగ్గానే చెప్పగలిగారు. సరే, రోజుకు ఎన్ని మాత్రలో తీసి చూపించండి అంటే సరిగ్గా నాలుగు తీసింది 35 శాతం మంది మాత్రమే. వాళ్ల సొంత భాషలో రాసి ఉన్న చీటీ గతే అది. మన మందు అట్టల మీద ఉండేది చాలావరకు ఇంగ్లీషే. డాక్టరు రాస్తేనే వాడాల్సిన మందులని, ముఖ్యంగా యాంటీబయాటిక్కులని గుర్తుపట్టడానికి అట్ట మీద ఎర్రగీత ఉంటుందని, దాని గురించి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం కూడా మొదలుపెట్టిందని ఈ ప్రసంగం వింటున్నవారిలో ఎంతమందికి తెలుసు? కరపత్రం అచ్చువేసి, పోస్టరు అంటించి మన పని అయిపోయిందనుకోకూడదని అనడం ఇందుకే.

మరి ఏం చేయాలి? మొదటి మార్గం చాలా సాదాది. అర్థమైందా అని అడిగితే మనవాళ్లు ఎవరైనా తల ఊపుతారు. డాక్టరు గారి ముందు కాలేదని చెప్పడం మన అలవాట్లలోనే లేదు. అలా అడగడం మానేసి, 'ఇంటికెళ్లాక మీ కోడలు అడిగితే ఈ మందు ఎలా వేసుకోవాలని చెబుతారమ్మా? నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుందామని అడుగుతున్నాను' అనాలి. అప్పుడు పరీక్ష డాక్టరుకే గానీ రోగికి కాదు. ఎక్కడ తప్పు దొర్లిందో అక్కడికక్కడే బయటపడుతుంది, సరిదిద్దవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో షుగర్ రోగుల మీద చేసిన పరిశీలన 2003లో వచ్చింది. కొత్తగా చెప్పిన విషయాల్లో రోగికి అర్థమైందో లేదో డాక్టర్లు సరిచూసుకున్నవి 12 శాతమేనట. సరిచూసుకున్న డాక్టర్ల దగ్గరికి వెళ్లిన రోగుల్లో షుగర్ మెరుగ్గా అదుపులో ఉంది. అడిగినందువల్లే అదుపులోకి వచ్చిందని ఆ ఒక్క పరిశీలనతో తేల్చి చెప్పలేం. అయితే అందులో ఇంకో సంగతి ఉంది. అలా తిరిగి అడిగి తెలుసుకున్నందువల్ల రోగిని చూసే సమయం పెరగలేదు.

రెండో మార్గం తోటి రోగి తోడు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడ షుగర్ అదుపులో లేని 118 మంది నల్లజాతి రోగులను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు, షుగర్ తగ్గించుకుంటే డబ్బు బహుమతి. మూడో జట్టులో ఒక్కొక్కరికీ ఒక తోటి రోగిని జత చేశారు. ఆ తోడు వచ్చినవారూ ఒకప్పుడు షుగర్ విపరీతంగా పెరిగి అవస్థపడి, తర్వాత దాన్ని అదుపులోకి తెచ్చుకున్నవారే. వారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, ఫోన్లో మాట్లాడుతూ ఉండమన్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం పొందిన జట్టులో హెచ్‌బీఏ1సీ సగటు 9.9 నుంచి 9.8కి మాత్రమే దిగింది. బహుమతి జట్టులో 9.5 నుంచి 9.1కి దిగింది. తోడు దొరికిన జట్టులో 9.8 నుంచి 8.7కి దిగింది. ఈ ఫలితాలు 2012లో వచ్చాయి. అది చిన్న అధ్యయనమే, ఆరు నెలలదే, ఒక్క ఆసుపత్రిదే. కానీ డబ్బు ఆశ చేయలేని పనిని పక్క మనిషి మాట చేసిందంటే ఆలోచించాలి. పెళ్లిళ్ల సీజన్లో భోజనాల దగ్గర ఎలా నెగ్గుకురావాలో, సూది గుచ్చుకోవడానికి మొదటిసారి చేయి ఎలా వణికిందో, ఆ వణుకు ఎలా పోయిందో చెప్పగలిగేది ఆ దారిన నడిచినవారే. డాక్టరుకు జబ్బు తెలుసు. జబ్బుతో గడిపే రోజు ఎలా ఉంటుందో రోగికి తెలుసు. రెండూ కావాలి.

ఇది అమెరికా సంగతి, మనకు నప్పదు అనేవారికి మన పక్కనే ఉదాహరణలు ఉన్నాయి. తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డల సంరక్షణను ఇంటింటికీ తీసుకెళ్లారు. ఆ స్త్రీలు తల్లులకు చెప్పడమే కాదు, బిడ్డలకు జబ్బు చేస్తే చికిత్స కూడా చేశారు. ఆ ఊళ్లలో పుట్టిన నెలలోపే చనిపోయే బిడ్డల సంఖ్య వెయ్యికి 62 నుంచి 25కి తగ్గిందని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ చేసిన పని నా దృష్టిలో ఇంకా విలువైనది. అక్కడ ఎవరూ మందు ఇవ్వలేదు. ఊరి ఆడవాళ్లు నెలకోసారి కూర్చుని, కాన్పుల్లో వచ్చే కష్టాలను కథలుగా, బొమ్మలుగా చర్చించుకుని, తమ ఊరికి తగిన ఉపాయాలు తామే ఆలోచించుకున్నారు. వారిలో ఎక్కువమంది చదువుకోనివారు, చాలామంది ఆదివాసీలు. మూడేళ్లలో ఆ ప్రాంతంలో నవజాత శిశు మరణాలు పోల్చి చూసిన ప్రాంతాల కంటే 32 శాతం తక్కువయ్యాయి. ఇది 2010లో ప్రచురితమైంది. చదువు లేనివారికి వైద్యం అర్థం కాదనే వాదనకు ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది సమయం. ప్రభుత్వాసుపత్రి ఓపీలో వరస గేటు దాకా ఉంటే డాక్టరు గారు కూర్చోబెట్టి ఎలా వివరిస్తారు? న్యాయమైన ప్రశ్నే. 67 దేశాల లెక్కలు సేకరించిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. అందులో మన దేశంలో డాక్టరు రోగిని చూసే సమయం సగటున రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. స్వీడన్‌లో అదే 22 నిమిషాలు. కానీ ఈ లెక్క నా వాదనను బలపరుస్తుందే తప్ప తోసిపుచ్చదు. డాక్టరుకు సమయం లేదు కాబట్టే ఆ పనిని ఇతరులు పంచుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. కార్డులు, కాగితాలు, అనుమతుల దగ్గర దిక్కుతోచని కుటుంబాలకు వారే దారి చూపుతున్నారు. ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లే రోగిని పది నిమిషాలు కూర్చోబెట్టి, ఏ మందు ఎందుకో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో చెప్పి, తిరిగి చెప్పించుకునే బాధ్యత కూడా అలా ఒకరికి అప్పగించడం అసాధ్యమేమీ కాదు. ఓపీ బయట బెంచీల మీద గంటల తరబడి కూర్చునే రోగులకు ఆ సమయంలోనే ఒక శిక్షణ పొందిన తోటి రోగి నాలుగు సంగతులు చెప్పవచ్చు. ఆ గంటలు ఇప్పుడు ఊరికే పోతున్నాయి. ఈ సందర్భంలో ఒక మాట అనక తప్పదు. పల్లెల్లో జనం అర్హత లేని ఆర్‌ఎంపీ దగ్గరికి ఎందుకు వెళతారు? అప్పు పెడతాడని, దగ్గర్లో ఉంటాడని, అవసరం లేని సూది అయినా వేస్తాడని అంటాం. అవన్నీ నిజమే. వాటితో పాటు, కూర్చోబెట్టి వింటాడు, అడిగితే విసుక్కోడు. ఆ చికిత్సలో ప్రమాదం ఉంది. ఆ మాటతీరులో మాత్రం ఆసుపత్రులు నేర్చుకోవలసింది ఉంది.

రెండో అభ్యంతరం: సెల్‌ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా, ఇంకా మనుషులెందుకు? సమాచారానికి ఇప్పుడు కొరత లేదు, నిజమే. కషాయంతో కిడ్నీలు బాగవుతాయని, ఫలానా ఆకు తింటే షుగర్ పోతుందని చెప్పే వీడియోలు కూడా అందులోనే ఉన్నాయి. చూసేవారు తప్పొప్పులు తేల్చుకోవాలంటే, 'ఇది నాకు వర్తిస్తుందా?' అని అడగడానికి ఒక నమ్మకమైన మనిషి ఉండాలి. తెలుగులో మంచి వైద్య రచనలకు లోటు లేదు. డాక్టర్ సమరం దశాబ్దాలుగా పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. డేవిడ్ వెర్నర్ పుస్తకాన్ని 'వైద్యుడు లేని చోట' పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చింది. మన భాషలో వైద్యం చెప్పడం కుదరదనడానికి వీల్లేదు. కానీ పుస్తకం అందరికీ ఒకటే చెబుతుంది. తోడున్న మనిషి ఈ ఒక్కరికి ఏం కావాలో చూసి చెబుతారు.

మూడోది, రోగులే సలహాదారులైతే సొంత వైద్యాలు చెప్పి ప్రాణాల మీదికి తెస్తారనే భయం. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే హద్దులు గీయాలి. తోడు ఉండేవారు మోతాదు మార్చకూడదు, మందు పేరు చెప్పకూడదు, ఏ కంపెనీ సరుకూ అమ్మకూడదు. అనుమానం వస్తే ఏ నర్సుకు ఫోన్ చేయాలో వారికి తెలిసి ఉండాలి. ఇది అన్నిచోట్లా ఒకేలా ఫలిస్తుందని కూడా చెప్పలేం. కేరళలో తిరువనంతపురం జిల్లాలో షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 1007 మందితో, ఊరివారే నాయకత్వం వహించే బృందాలు పెట్టి రెండేళ్లు చూశారు. బృందాల్లో ఉన్నవారిలో 14.9 శాతం మందికి, లేనివారిలో 17.1 శాతం మందికి షుగర్ వచ్చింది. ఆ కాస్త తేడా యాదృచ్ఛికం కావచ్చని పరిశోధకులే చెప్పారు. తిండి అలవాట్లు మెరుగయ్యాయి, మద్యం తగ్గింది, అంతవరకే. జబ్బు ఇంకా రానివారిని మార్చడం కష్టం. జబ్బు వచ్చి, రోజూ మందుతో సతమతమయ్యేవారికి తోడు ఎక్కువగా అక్కరకొస్తుందని నేను అనుకుంటున్నాను. క్షయనే చూడండి. ఆరు నెలల మందులో రెండు నెలలకే దగ్గు, జ్వరం పోతాయి. తగ్గిపోయింది కదా అని ఆపేస్తే మందుకు లొంగని క్షయగా తిరగబెట్టే ప్రమాదం ఉంది. సరిగ్గా ఆ రెండో నెలలో వచ్చి పలకరించడానికి క్షయ నుంచి బయటపడిన మనిషిని మించినవారు ఎవరుంటారు? మన దేశంలో అలాంటివారికి టీబీ ఛాంపియన్లుగా శిక్షణ ఇస్తున్నారు. ఆ పద్ధతి షుగర్‌కు, బీపీకి, శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నవారి కుటుంబాలకు కూడా రావాలి.

ఇంకో విమర్శ ఉంది, అది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. చదువు చెప్పడం పేరుతో నేరాన్ని రోగి మీదికి నెడుతున్నారని. మందు దొరకని ఆసుపత్రిలో మందు ఎలా వేసుకోవాలో బోధించడం అన్యాయం. రోజు కూలీ పోతుందని పరీక్షకు రాలేని మనిషికి పరీక్ష ప్రాముఖ్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం క్రూరం. మందు, డాక్టరు, బస్సు ముందు ఉండాలి. అవి ఉన్న తర్వాత కూడా వైద్యం ఎక్కడ తెగిపోతోందో అక్కడి సంగతే నేను మాట్లాడుతున్నది. పైగా, తెలుసుకోవడం రోగి హక్కు. చికిత్స స్వభావం, ఉద్దేశం, ప్రమాదాలు, వేరే దారులు చెప్పిన తర్వాతే అంగీకారం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం కూడా, రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలని చెబుతుంది. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం ఆ తీర్పును గౌరవించడం కాదు.

వైద్య కళాశాలల్లో, నర్సింగ్ కళాశాలల్లో పాఠం చెప్పేవారికి నా మనవి: విద్యార్థి రోగి గుండె చప్పుడు ఎలా విన్నాడో చూసినట్టే, రోగితో ఎలా మాట్లాడాడో కూడా చూసి మార్కులు వేయండి. మందుల షాపులో కూర్చునే ఫార్మసిస్టులు, అట్ట చేతికిచ్చే ముందు ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పించుకోండి. ఈ ప్రసంగం వింటున్నవారిలో షుగరో బీపీయో ఏళ్ల తరబడి అదుపులో పెట్టుకున్నవారు, క్షయ మందులు పూర్తిగా వాడి బయటపడినవారు చాలామందే ఉంటారు. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి వైద్యాధికారిని కలవండి. కొత్తగా జబ్బు బయటపడినవారితో వారానికి ఒక గంట మాట్లాడటానికి మేం సిద్ధంగా ఉన్నామని చెప్పండి. ఎలా మాట్లాడాలో, ఏం చెప్పకూడదో ముందు మాకు నేర్పమని అడగండి.